కాలిపర్లు ముందు కొన్నాను, కొలతలు తర్వాత చూశాను

రేగడి సంగతి తెలిసినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. చెప్పుకు అంటుకుందంటే చెప్పైనా తెగాలి, కాలైనా జారాలి, అది మాత్రం వదలదు. రెండేళ్ళ కింద ఒక ఆదివారం పొద్దున చేవెళ్ళ దాటాక పొలాల మధ్య బండిబాటలో వెళ్తుంటే నా పాత సైకిల్‌ని అదే పట్టుకుంది. ముందురాత్రి వాన పడింది. చిన్న దిగుడు, చివర్లో మలుపు. రెండు లివర్లూ గట్టిగా నొక్కాను. రబ్బరు ముక్కలకీ రిమ్ముకీ మధ్య పేడముద్దలా మట్టి. మలుపు తిరగకుండా నేరుగా పత్తిచేలోకి వెళ్ళిపోయాను. చేలో ఉన్న పెద్దాయన వచ్చి లేపి, "బ్రేకులు లేవా సారూ?" అన్నాడు. ఉన్నాయనే చెప్పాను.

ఇంటికొచ్చి బండి కడిగాక రిమ్ము పక్కల్ని వేలితో తడిమితే లోపలికి గుంతపడి ఉన్నాయి. ఇసుక కలిసిన బురదతో బ్రేకు వేయడమంటే రిమ్ముని ఉప్పుకాగితంతో రుద్దినట్టే. రెండు వానాకాలాలకే అరిగిపోయాయి. ఇక డిస్క్ బ్రేకులే అని ఆ రోజే అనుకున్నాను. అందులో పట్టు చక్రం నడిమధ్యన ఉంటుంది, టైరు మోసుకొచ్చే బురద అంత తేలిగ్గా చేరదు, ఒకవేళ అరిగినా అరిగేది విప్పి మార్చుకోగల పళ్ళెం.

మా బావమరిది అమెరికాలో పోర్ట్‌లాండ్‌లో ఉంటాడు. ఆ ఊళ్ళో చేత్తో ఫ్రేములు కట్టేవాళ్ళు చాలామంది. చలికాలం వచ్చిందంటే ప్రతి వారాంతం సైక్లోక్రాస్ పందేలు. తెలియనివాళ్ళ కోసం: పొలాల్లో, పార్కుల్లో, బురదలో, ఇసుకలో గంటసేపు చుట్లు కొట్టే పందెం ఇది. అడ్డుకట్టెలు వస్తే దిగి, బండి భుజాన వేసుకుని పరిగెత్తాలి. బెల్జియంలో దీనికి మన దగ్గర క్రికెట్‌కి వచ్చినట్టు జనం వస్తారు. బండి చూడ్డానికి వంపు హ్యాండిల్ ఉన్న రోడ్డు సైకిల్‌లాగే ఉంటుంది కానీ టైరుకీ ఫ్రేముకీ మధ్య బురద పోయేంత సందు వదులుతారు. అంతర్జాతీయ పందేల్లో టైరు వెడల్పు 33 మిల్లీమీటర్లు దాటకూడదు. నాకు పందేలతో పని లేదు గానీ, చేవెళ్ళ బాటలకి ఇంతకంటే తగిన బండి కనబడలేదు.

"బావా, ఇక్కడొకాయన స్టీల్ ఫ్రేము అమ్ముతున్నాడు. మీ ఎత్తుకి సరిపోతుంది. డిస్క్ బ్రేకులు బిగించే చెవులు కూడా ఉన్నాయి" అని ఫోన్ చేశాడు. సంక్రాంతికి వస్తూ అట్టపెట్టెలో తెచ్చాడు. ఆకుపచ్చ రంగు, సన్నటి గొట్టాలు, అతుకుల దగ్గర ఎక్కడా గరుకు లేదు. ఇంట్లో అందరూ పండగ హడావుడిలో ఉంటే నేను దాన్ని మంచం మీద పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను.

అంతసేపు చూసి కూడా చూడాల్సింది చూడలేదు. ఆ వారంలోనే ఆన్‌లైన్‌లో ఎవరో అవిడ్ బీబీ7 కాలిపర్లు (డిస్క్ పళ్ళేన్ని రెండు పక్కల నుంచీ పట్టి నొక్కే ముక్కలు), వాడినవి, జత నాలుగున్నర వేలకి అమ్ముతుంటే కొనేశాను. మంచి పేరున్న మెకానికల్, అంటే వైరుతో లాగే, డిస్క్ బ్రేకులు. హ్యాండిల్, లివర్లు, గేర్లు పాత రోడ్డు సైకిల్‌వే ఉన్నాయి: షిమానో 105, పది గేర్ల 5700 సెట్టు. "రోడ్ బైక్‌కి పనిచేస్తాయా?" అని అమ్మేవాణ్ణి అడిగాను కూడా. "డిస్క్ డిస్కే కదా సార్" అన్నాడు. నాకూ నిజమే అనిపించింది.

కానీ బీబీ7 రెండు రకాలు. ఒకటి రోడ్డు లివర్లకి, ఇంకొకటి మౌంటెన్ బైక్ లివర్లకి. దూరం నుంచి చూస్తే కవల పిల్లలు. తేడా అంతా కాలిపరు మీద వైరు పట్టుకునే చిన్న చేతి కొలతలో ఉంది. మౌంటెన్ బైక్ లివర్లు వీ-బ్రేకుల (రిమ్ముని రెండు పొడుగాటి చేతులతో నొక్కే రకం) లెక్కన తయారైనవి. ఒక్క నొక్కుకి అవి లాగే వైరు, రోడ్డు లివరు లాగేదానికి సుమారు రెట్టింపు. కాబట్టి వాటి కోసం చేసిన కాలిపరు అంత వైరు వస్తేనే ప్యాడ్‌ని, అంటే పళ్ళేన్ని ఒరుసుకుని ఆపే బిళ్ళని, పూర్తిగా తోస్తుంది. నేను కొన్నవి ఆ రకం.

ఇది కాగితం మీద చదివి తెలుసుకోలేదు. వేరొకరి చక్రాలు అడిగి తెచ్చుకుని, బాల్కనీలో ఫ్రేముకి తాత్కాలికంగా బిగించి, మూడు సాయంత్రాలు కుస్తీ పట్టి తెలుసుకున్నాను. బీబీ7కి రెండు పక్కలా ఎర్రటి బిళ్ళలుంటాయి. తిప్పితే టిక్ టిక్‌మంటూ ప్యాడ్ ముందుకొస్తుంది. లోపలి ప్యాడ్ కదలదు, బయటిది మాత్రమే కదిలి రోటర్‌ని, అంటే ఆ పళ్ళేన్ని, దానికేసి వంచి నొక్కుతుంది. లోపలి సందు తక్కువ, బయటి సందు ఎక్కువ ఉంచాలి. అలాగే ఉంచాను. లివర్ నొక్కితే హాయిగా, వెన్నలోకి వేలు దించినట్టు దిగి హ్యాండిల్‌కి తగిలింది. చక్రం మాత్రం తిరుగుతూనే ఉంది. ఒక టిక్ దగ్గరికి తిప్పాను. ఇంకొకటి. చివరికి రోటర్ 'సర్ సర్'మని రాసుకునేదాకా తెచ్చినా, గట్టిగా ఆగేసరికి లివర్‌కి ఇంకా అర అంగుళమే మిగిలింది. బాల్కనీలోనే ఇలా ఉంటే, ప్యాడ్ కాస్త అరిగాక ఘాట్ రోడ్డులో ఏమవుతుందో ఊహించుకుని కాలిపర్లు విప్పేశాను.

అప్పుడు కూర్చుని మొదటినుంచి ఆలోచించాను. ఈ వ్యవహారంలో నా చేతిలో మారనివి రెండు కొసలు. ఒక కొస లివరు: అది ఎంత వైరు లాగుతుందో షిమానో వాళ్ళు ఎప్పుడో తేల్చేశారు. రెండో కొస ఫ్రేము: దాని మీద చెవులు ఎలా ఉన్నాయో, ఇరుసు వెడల్పు ఎంతో పోర్ట్‌లాండ్ ఆయన అతికేటప్పుడే తేల్చేశాడు. కాలిపరు, దాన్ని చెవులకి కుదిర్చే అడాప్టరు, రోటరు, చక్రం నడిమి హబ్బు, వైరు, అన్నీ ఈ రెండు కొసల మధ్య కుదరాల్సినవి. నేను మధ్యలోంచి మొదలుపెట్టాను.

ఇక పాత నోటుబుక్కు తీసి వెర్నియర్ పట్టుకుని ఫ్రేము దగ్గర కూర్చున్నాను.

వెనక ఇరుసు వెడల్పు 135 మిల్లీమీటర్లు వచ్చింది. మామూలు రోడ్డు సైకిల్‌ది 130. అంటే నా పాత చక్రం, రోటర్ సంగతి పక్కనపెట్టినా, ఎలాగూ కూర్చోదు. ముందు 100. రెండూ క్విక్ రిలీజ్, అంటే సన్నటి ఊచతో బిగించే రకం. ఇప్పటి బండ్లలో 12 మిల్లీమీటర్ల లావు ఇరుసు ఫ్రేములోంచి దూర్చి బిగిస్తారు, వెనక 142. ఇక బ్రేకు చెవులు: ఐఎస్ అనే పాత పద్ధతి. రెండు చెవులు, రంధ్రాల మధ్య 51 మిల్లీమీటర్లు, బోల్టులు అడ్డంగా, ఇరుసుకు సమాంతరంగా దూరతాయి. ఆ తర్వాతది పోస్ట్ మౌంట్: అందులో బోల్టుల మధ్య 74 మిల్లీమీటర్లు, అవి చక్రం తిరిగే దిశలోనే లోపలికి దిగుతాయి. మూడోది ఫ్లాట్ మౌంట్, 2014 ప్రాంతంలో రోడ్డు బండ్లకోసం షిమానో తెచ్చింది. కాలిపరు ఫ్రేము గొట్టానికి అంటుకున్నట్టు పడుకుంటుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది.

నా ఫ్రేము ఎందుకిలా పాతా కొత్తా కలగలుపుగా ఉందో అప్పుడు అర్థమైంది. సైక్లోక్రాస్‌లో డిస్క్ బ్రేకులకి అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం యూసీఐ అనుమతి ఇచ్చింది 2010లో. ఈ ఫ్రేము ఆ మరుసటేడాది కట్టింది. అప్పటికి రోడ్డు బండ్లకి డిస్క్ పద్ధతంటూ స్థిరపడలేదు, కాబట్టి కట్టేవాళ్ళు మౌంటెన్ బైక్ కొలతల్నే అరువు తెచ్చుకున్నారు. ఇప్పుడు దుకాణాల్లో మెరిసే ఫ్లాట్ మౌంట్ కాలిపరు ఏదీ దీనికి పెట్టలేను. ఫ్లాట్ మౌంట్ ఫ్రేముకి పోస్ట్ మౌంట్ కాలిపరు పెట్టే అడాప్టర్లు చూశాను గానీ, నాకు కావాల్సింది ఆ దారి కాదు. ఐఎస్ చెవులకి పోస్ట్ మౌంట్ కాలిపరు, మధ్యన అడాప్టర్. నాకున్న సుఖమైన దారి అదొక్కటే. నిజానికి అది మంచి దారే. ఐఎస్ చెవుల మీద కాలిపర్‌ని అటూ ఇటూ జరపడానికి వీలుండదు, పలచటి వాషర్లు పెట్టుకుంటూ కూర్చోవాలి. అడాప్టర్ పెట్టాక కాలిపరు బోల్టు రంధ్రాలు కోలగా ఉంటాయి కాబట్టి ఎడమకీ కుడికీ జరుగుతుంది.

అడాప్టర్లతో రెండో తప్పు. 160 మిల్లీమీటర్ల రోటర్లు రెండు వేద్దామనుకున్నాను. నా బరువు 82 కిలోలు, 140 వేస్తే ఘాట్లో వేడెక్కుతుందని భయం. కాబట్టి '160' అని రాసి ఉన్న అడాప్టర్లు రెండు తెప్పించాను. ముందు చక్కగా కూర్చుంది. వెనక బిగించి చక్రం పెడదామంటే రోటరు అంచు కాలిపరు లోపలి గోడకి తగులుతోంది, చక్రం కిందే ఆగిపోయింది. అడాప్టర్‌ని వెలుతురులోకి తెచ్చి చూస్తే దాని మీద అచ్చు: ఎఫ్160. ఎఫ్ అంటే ముందుది. ఐఎస్ పద్ధతిలో వెనక చెవులు ముందువాటికంటే ఇరుసుకి 10 మిల్లీమీటర్లు దగ్గరగా ఉంటాయి. అందుకే ముందు 160కి సరిపోయే ముక్క వెనక పెడితే 140కి సరిపోతుంది. వెనక 160 కావాలంటే ఆర్160 అని ఉన్నది తెచ్చుకోవాలి. ముందు 180కి వాడేదీ అదే. వ్యాసంలో 20 తేడా అంటే వ్యాసార్థంలో 10, అంతే లెక్క. పదో తరగతి లెక్కకి నాలుగు రోజుల కొరియర్ ఖర్చు.

మళ్ళీ కాలిపర్ల దగ్గరికి. బావమరిదికి ఫోన్ చేస్తే, "హైడ్రాలిక్ పెట్టేయండి బావా, ఒక్క వేలితో ఆగుతుంది" అన్నాడు. ఆగుతుంది, కాదనను. కానీ వంపు హ్యాండిల్‌కి హైడ్రాలిక్, అంటే వైరు బదులు నూనె ఒత్తిడితో నొక్కేది, పెట్టాలంటే లివరు మార్చాలి, ఎందుకంటే నూనె తొట్టి లివర్లోనే ఉంటుంది. లివరు మారిస్తే గేర్లు మార్చే మీట కూడా అందులోనే ఉంది. షిమానోలో నాకు దొరికేవి పదకొండు గేర్లవి. వాటికి క్యాసెట్, అంటే వెనక చక్రం మీది గేరు పళ్ళ గుత్తి, మార్చాలి. ఆ క్యాసెట్‌కి వెడల్పు చాలని హబ్బు మార్చాలి. పది గేర్ల హైడ్రాలిక్ లివర్లు లేకపోలేదు, షిమానోదే టియాగ్రా అనే సెట్టులో ఆర్‌ఎస్405 ఉంది. అయితే అది 4700 సెట్టుతో పనిచేసేది, గేరు వైరు లాగే కొలత నా 5700 డిరైలర్‌కి (చైనుని గేరు నుంచి గేరుకి జరిపేది) కుదరదు. అంటే అదీ మార్చాలి. బ్రేకు కోసం బయల్దేరి బండి మొత్తం కొనేట్టున్నాను. పైగా ఏ ఊళ్ళోనో గొట్టం తెగితే మినరల్ ఆయిల్ ఎక్కడ వెతుకుతాను? షిమానోకి మినరల్ ఆయిల్, శ్రామ్ వాళ్ళ రోడ్డు బ్రేకులకి కార్లలో పోసే డాట్ ద్రవం. ఒకదానిలో ఇంకొకటి పోస్తే లోపలి రబ్బరు వాచిపోతుంది. వైరైతే వికారాబాద్ బస్టాండు పక్కన సైకిల్ షాపులో కూడా దొరుకుతుంది.

మధ్యేమార్గం ఒకటుంది: టీఆర్‌పీ హైరోడ్. లివరు నుంచి వైరే వస్తుంది, కాలిపరు లోపల మాత్రం హైడ్రాలిక్. చాలా ఆశపడ్డాను. దాని కొలతలకి అట్టముక్క కత్తిరించి వెనక చెవుల దగ్గర పెట్టి చూశాను. పొడుగాటి నూనె తొట్టి, సీటు కింద నుంచి వెనక ఇరుసుకి దిగే గొట్టానికి తగులుతోంది. అంగుళంలో పావు వంతు తేడా. ఫ్రేము గొట్టాన్ని వంచలేం కదా, అట్టముక్క చెత్తబుట్టలో వేశాను. ఇది చదివి ఎవరైనా హైరోడ్ పెట్టుకుంటే మాత్రం ఒక్క మాట: వైరు బిగువుని బ్యారెల్ (వైరు కొసనుండే సర్దుబాటు మర) తిప్పి పెంచకూడదు. కాలిపరు చెయ్యి కొంచెం ముందుకొచ్చి ఆగినా లోపల తొట్టికి దారి మూసుకుపోతుంది, ప్యాడ్లు అరిగేకొద్దీ తమంతట సర్దుకోవడం మానేస్తాయి.

చివరికి టీఆర్‌పీ స్పైర్ తీసుకున్నాను. పూర్తి మెకానికల్, రోడ్డు లివర్ల కోసమే చేసింది, పోస్ట్ మౌంట్. నాకు నచ్చిన సంగతులు రెండు. ఒకటి, రెండు ప్యాడ్లూ కదులుతాయి, రోటర్‌ని ఒకపక్కకి వంచే పని లేదు. రెండోది, నా దృష్టిలో ఇదే పెద్దది: అందులో పట్టే ప్యాడ్లు షిమానో మౌంటెన్ బైక్ బ్రేకుల్లో వాడే బీ01ఎస్ ఆకారంవే. హైదరాబాద్‌లో కాస్త పెద్ద సైకిల్ షాపుకి వెళ్తే దొరుకుతాయి. ఎంత గొప్ప బ్రేకైనా ప్యాడ్లు అమెరికా నుంచి రావాలంటే అది సంక్రాంతికి సంక్రాంతికి మాత్రమే పనిచేసే బ్రేకు.

చక్రాల పని నేను భయపడినంత కష్టం కాలేదు. స్నేహితుడి పాత మౌంటెన్ బైక్ చక్రాల్లోంచి షిమానో ఎక్స్‌టీ ఎం756 హబ్బులు ఊడదీశాం. వెనకది 135, ముందుది 100, పది గేర్ల క్యాసెట్ పడుతుంది, రోటర్‌కి ఆరు బోల్టుల రకం. రోటర్లలోనూ రెండు కులాలున్నాయి మరి: ఆరు బోల్టులు, సెంటర్‌లాక్. సెంటర్‌లాక్ హబ్బుకి అడాప్టర్ వేసి ఆరు బోల్టుల రోటర్ పెట్టుకోవచ్చు, ఆరు బోల్టుల హబ్బుకి సెంటర్‌లాక్ రోటర్ మాత్రం పెట్టలేం. కొనేముందు రోటర్ మధ్య భాగం చూస్తే చాలు, పళ్ళున్నాయా, రంధ్రాలున్నాయా అని.

కొత్త రిమ్ములకి ఆ హబ్బుల్ని అల్లడానికి సికింద్రాబాద్‌లో ఒక మేస్త్రీ దగ్గరికి వెళ్ళాను. అరవై దాటిన మనిషి. పుల్లల కొలత అడిగితే, "ముందు చక్రానికి కొలతేముంది సార్, రెండు పక్కలా ఒకటే" అన్నాడు. హబ్బు ఆయన చేతిలో పెట్టాను. అరచేతిలో దొర్లించాడు, కళ్ళద్దాలు పైకి నెట్టి చూశాడు, బొటనవేలితో ఎడమ అంచు తడిమాడు. రోటర్‌కి చోటివ్వడానికి ఎడమ పక్క అంచు మధ్యకి జరిగి ఉంది. రిమ్ము మాత్రం సరిగ్గా నడిమధ్యన నిలవాలి. కాబట్టి ఎడమ పుల్లలు వేరు, కుడి పుల్లలు వేరు, బిగువులు కూడా వేరు. "ఇది వెనక చక్రం లెక్క ముందుకొచ్చింది" అని నవ్వాడు. ఆ తర్వాత నేను నోరెత్తలేదు. పుల్లలు నిలువుగా కాకుండా మూడేసి దాటుతూ అల్లాలని చెబుదామనుకున్నాను, బ్రేకు పట్టు హబ్బుని మెలిపెడుతుంది కదా. ఆయన అప్పటికే అలాగే మొదలుపెట్టాడు. రెండు రోజుల తర్వాత వెళ్తే చక్రాలు గోడకి ఆనించి ఉన్నాయి. తిప్పితే వెంట్రుకవాసి ఊగుడు లేదు.

మార్చిలో ఒక ఆదివారం అన్నీ నేల మీద పరిచి కూర్చున్నాను. ముందుగా ఐఎస్ చెవుల మీద రంగు గీకాను. చేత్తో రంగు వేసిన ఫ్రేముల్లో అక్కడ రంగు మందంగా పేరుకుని ఉంటుంది, దాని మీదే బిగిస్తే కాలిపరు వంకరగా నిలుస్తుంది. రోటర్ బోల్టులు టీ25 తాళంతో, ఒకదాన్ని పూర్తిగా బిగించి ఇంకొకదానికి పోకుండా, ఎదురెదురువి కొద్దికొద్దిగా బిగించాను. ముందు ఫోర్కులో ఒకటి చూసి ఫ్రేము కట్టినాయనకి మనసులో దండం పెట్టుకున్నాను. డిస్క్ బ్రేకు వేసినప్పుడు, కాలిపరు ఫోర్కు వెనక ఉంటుంది కాబట్టి, ఆ పట్టు ఇరుసుని కిందికి, ఫోర్కు గాడిలోంచి బయటికి తోస్తుంది. గాడి నేరుగా కిందికి తెరుచుకుని, బిగింపు వదులైతే చక్రం జారుతుంది. ఆయన గాడిని ముందుకి వాలుగా కోశాడు. అయినా నేను తేలికపాటి అల్యూమినియం ఊచ పక్కన పడేసి, లోపల మీట ఉండే పాత స్టీలు ఊచనే పెట్టాను. అందం లేదు, పట్టుంది.

స్పైర్ గురించి ఒక్క టెన్షన్ ఉండేది. రెండు పక్కలా కదిలే భాగాలున్నందుకు లోపలివైపు కూడా కొంచెం పొడుచుకొచ్చి ఉంటుంది, పుల్లలకి తగులుతుందేమోనని. చక్రం పెట్టి చూస్తే రూపాయి బిళ్ళ దూరేంత సందు ఉంది. రెండు బిళ్ళలు దూరవు.

వైరు దగ్గర ఇంకో పేచీ. మా వీధి మెకానిక్ బ్రేకుకి గేరు ఔటర్ (వైరు మీది తొడుగు) వేయమన్నాడు. "గట్టిగా ఉంటుంది సార్, బ్రేకు మస్తు పడతది" అని. అలా అస్సలు వేయకూడదు. గేరు ఔటర్‌లో తీగలు నిలువుగా ఉంటాయి. బ్రేకు వేసినప్పుడు పడే బలానికి అవి పక్కలకి చీలి విచ్చుకుంటే లివర్లో ఏమీ మిగలదు. మామూలు బ్రేకు ఔటర్‌లో తీగ స్ప్రింగులా చుట్టి ఉంటుంది, అది తెగదు గానీ కొంచెం నొక్కుకుపోతుంది. లివరు నుంచి వెనక కాలిపరు దాకా మీటరున్నర పైన ఔటర్ ఉంటుంది, ఆ నొక్కుకుపోవడమంతా కలిసి స్పాంజి నొక్కినట్టుంటుంది. బ్రేకుల కోసమే చేసిన, నిలువు తీగల మీద గట్టి అల్లిక వేసిన ఔటర్లు వేరే ఉన్నాయి. జాగ్‌వైర్ వాళ్ళది తెప్పించాను. ఈ బండి మొత్తం మీద పెట్టిన డబ్బుకి ఎక్కువ ఫలితం ఇచ్చింది ఏదంటే అదే అంటాను. ఇన్నర్ వైరు మాత్రం వీధి షాపుదే. దానికి ఒక కొసన పీపా ఆకారం తల, రెండో కొసన చిన్న బేరిపండు ఆకారం తల. రోడ్డు లివర్లో కూర్చునేది బేరిపండు. పీపాని కత్తిరించి పారేశాను.

ముందు బ్రేకు కుడి లివర్‌కే కలిపాను. అమెరికాలో కుడిచేతికి వెనక బ్రేకు ఉంటుంది. రోజూ ఆఫీసుకి మోటార్ సైకిల్ మీద పోయేవాణ్ణి, అక్కడ కుడిచేతికి ముందు బ్రేకు. కంగారులో చెయ్యి ఆలోచించదు, అలవాటైనదే నొక్కుతుంది. మెకానికల్ కాబట్టి వైర్లు అటూ ఇటూ మార్చితే సరిపోయింది.

ప్యాడ్ల దగ్గర నా అదృష్టం బాగుండి చివరి నిమిషంలో చూశాను. బురదలో తొందరగా అరగవని లోహం కలిసిన సింటర్డ్ ప్యాడ్లు కొని ఉంచాను. బిగించబోతూ రోటర్ తుడుస్తుంటే దాని మీద సన్నటి అక్షరాలు, 'రెసిన్ ప్యాడ్ ఓన్లీ' అని, అంటే మెత్తటి రకం ప్యాడ్లే వాడాలని. చవక రోటర్ల ఉక్కు మెత్తన, సింటర్డ్ ప్యాడ్ దాన్ని తినేస్తుంది. రోటర్లు మార్చడమా, ప్యాడ్లు మార్చడమా అంటే ప్యాడ్లే చవక. పక్కనే ఇంకో అచ్చు ఉంది: మందం 1.5 మిల్లీమీటర్ల కంటే తగ్గితే మార్చాలని. కొత్తది 1.8 ఉంటుంది. అప్పటినుంచి నెలకోసారి వెర్నియర్ పెడుతున్నాను.

మరుసటి వారం పొద్దున ఆరింటికి గండిపేట దగ్గర ఖాళీ రోడ్డు మీద కొత్త ప్యాడ్లని రోటర్లకి అలవాటు చేశాను. వేగం అందుకోవడం, చక్రం బిగుసుకోకుండా మెల్లగా నడకవేగం దాకా తీసుకురావడం, మళ్ళీ వేగం. ఇరవై సార్లు. మొదటి నాలుగైదు సార్లు అసలు పట్టే లేదు. పదో సారికి వచ్చింది. ఇరవయ్యోసారికి రెండు వేళ్ళు చాలాయి. అక్కడ నడకకి వచ్చిన ఒకాయన మాత్రం నన్ను చూసి పాపం అనుకున్నట్టున్నాడు.

రెండు వారాలు బాగానే నడిచింది. వానలు మొదలయ్యాక తడి పొద్దుల్లో రోటర్ కీచుమనేది. అది మామూలే, తడి ఆరేదాకా అరుస్తుంది. ఒక రోజు ఆఫీసు నుంచి వచ్చి సైకిల్ తీశాను. గేటు దాటి మొదటి స్పీడ్‌బ్రేకర్ దగ్గర బ్రేకు వేస్తే బండి ఆగలేదు. పత్తిచేను గుర్తొచ్చింది. కాళ్ళు నేలకి ఆనించి ఆపాను. వంగి చూస్తే రోటర్లు నిగనిగలాడుతున్నాయి.

పైకెళ్ళి అడిగాను. నాన్న పేపర్ దించకుండానే, "పొద్దున కిందికి దించుతుంటే కీచుకీచుమంటోందిరా. కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేసి గుడ్డతో బాగా పట్టించాను. ఇప్పుడు చప్పుడు లేదు కదా?" అన్నారు.

చప్పుడు నిజంగానే లేదు. అమ్మ వంటింట్లోంచి, "రెండు చుక్కలేంటి, సీసా అయిపోయింది" అంది.

నాన్నని ఏమంటాం. నలభై ఏళ్ళు సైకిల్ తొక్కిన మనిషి, కీచుమంటే నూనె వేయడమే ఆయనకి తెలుసు. రోటర్లు విప్పి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో నాలుగుసార్లు తుడిచాను, ప్రతిసారీ కొత్త గుడ్డతో. ప్యాడ్లు మాత్రం పారేశాను. ఉప్పుకాగితం మీద రుద్ది, వేడిచేసి బాగుచేసుకునేవాళ్ళున్నారు, నేను నమ్మను. నూనె ఒకసారి లోపలికి ఇంకితే వేడెక్కినప్పుడల్లా బయటికొస్తుంది. హైదరాబాద్‌లో దొరికే ప్యాడ్లు కాబట్టి మర్నాటికి కొత్తవి పడ్డాయి.

జులైలో అనంతగిరి వెళ్ళాను. మూసీ పుట్టే కొండలు, వాన పడుతుంటే ఘాట్ మీద పొగమంచు. దిగేటప్పుడు వెనక ఒక ఆర్టీసీ బస్సు. మలుపు ముందు రెండు వేళ్ళతో నొక్కి, వేగం తగ్గించి, పక్కకి జరిగి దానికి దారిచ్చాను. ఆ చిన్న పని కోసం ఆరు నెలలు పట్టింది. కింద ఆగి రోటర్‌కి నీటిచుక్క వేస్తే చుయ్యిమంది. 140 వేయనందుకు సంతోషించాను.

పాత బీబీ7 జత, ఎఫ్160 అడాప్టర్ ఒకటి, నా అట్టపెట్టెలో మిగిలిపోయాయి. తిరిగి అమ్ముదామని ఫోటోలు తీస్తుంటే పక్క ఫ్లాట్ కుర్రాడు, ఇంటర్ చదువుతున్నాడు, వచ్చి నిలబడ్డాడు. వాడిది చవక మౌంటెన్ బైక్. డిస్క్ బ్రేకులున్నాయి గానీ పేరుకే. ఈసారి కాలిపర్ల జోలికి పోలేదు. ముందు వాడి లివర్లు చూశాను: వీ-బ్రేకు కొలతవి. ముందు ఫోర్కుకి ఐఎస్ చెవులు, రోటర్ 160. వెనకా 160, దానికి పోస్ట్ మౌంట్ అడాప్టర్ ముందే ఉంది. నోటుబుక్కులో అన్నీ రాసుకున్నాక పెట్టె తెరిచాను.

గంటలో అయిపోయింది. వాడు బేస్‌మెంట్ ర్యాంపు మీదనుంచి దూసుకొచ్చి, వాచ్‌మన్ కుర్చీకి జానెడు దూరంలో ఆపాడు. వెనక చక్రం కొంచెం గాల్లోకి లేచి పడింది. వాచ్‌మన్ కూడా లేచాడు.

"అంకుల్, ఇది ఇంతకుముందు ఎందుకు ఆగలేదు?" అన్నాడు వాడు.